చివరి అర మిల్లీమీటరు: గాజు జాడీలకు నల్లా రంధ్రం వేసే మిషన్ డైరీ

మార్చి: పని ఏంటంటే

జడ్చర్లలో బాదేపల్లి మార్కెట్ దగ్గర గానుగ నడిపే అక్క ఉంది. పల్లి నూనెను ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్మడం ఆపేసి, దుకాణంలోనే పెద్ద గాజు జాడీల్లో పోసి పెట్టాలని ఆమె ఆలోచన. జాడీ అడుగున నల్లా ఉంటుంది, ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుంటే పట్టి ఇస్తుంది. నల్లా బిగించి వచ్చే జాడీలు బజారులో దొరుకుతాయి, కానీ అవన్నీ పెళ్ళిళ్ళలో షర్బత్ పోయడానికి పనికొచ్చే పల్చటి సరుకు. ఆమెకు నచ్చినవి అయిదు లీటర్ల మందపాటి ఊరగాయ జాడీలు. వాటికి నల్లా పెట్టే రంధ్రం ఉండదు.

"తమ్మీ, గంత పెద్ద ఇనుముకు హోల్ కొడతవ్, గాజుకు కొట్టలేవా?" అని అడిగింది.

మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ వైపు నాకు చిన్న లేత్ వర్క్‌షాప్ ఉంది. ట్రాక్టర్ నాగళ్ళు, మోటారు షాఫ్టులు, గేట్లు, వచ్చిన పనల్లా చేస్తాం. సాయంత్రాలు ఐటీఐలో ఫిట్టర్ చదివే ఒక పిల్లగాడు వచ్చి సాయం చేస్తాడు. ఒకటి రెండు జాడీలైతే చేతి డ్రిల్లుతో కానిచ్చేవాణ్ణి. అక్క అడిగింది వంద దాకా. పైగా వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు గానుగలు పెట్టిన ఆమె చుట్టాలు కూడా ఇవే అడుగుతున్నారట. అందుకే మిషన్.

మార్చి చివర: వేడి మీదా, చల్లారాకా?

సీసా తయారయ్యేటప్పుడే రంధ్రం వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మా పిల్లగాడు కూడా మొదట అదే అడిగాడు. ప్రశ్న మంచిదే కాబట్టి దాని మీద కాస్త కూర్చున్నాను.

పాత నల్గొండ జిల్లా భువనగిరిలో ఏజీఐ గ్లాస్‌ప్యాక్ సీసాల ఫ్యాక్టరీ ఉంది. అలాంటి ఫ్యాక్టరీల్లో ఇసుక, సోడా యాష్, సున్నపురాయి, పగిలిన గాజు పెంకులు కలిపి సుమారు 1500 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. కరిగిన గాజును ముద్దలుగా కత్తిరించి ఐఎస్ మెషీన్ అనే వరస అచ్చుల్లోకి జారవిడుస్తారు. మొదటి అచ్చులో మూతి తయారై, సీసా పొట్టిగా, లావుగా ఒక పిందెలా ఏర్పడుతుంది. రెండో అచ్చులోకి మార్చి గాలి ఊదితే పూర్తి ఆకారం వస్తుంది. అక్కడి నుంచి లెహర్ అనే పొడవాటి కొలిమిలోకి పోతుంది. అందులో 550 డిగ్రీల చుట్టుపక్కల నుంచి మెల్లగా చల్లబరుస్తారు. ఎందుకంటే గాజు పైన ముందు గట్టిపడి లోపల తర్వాత గట్టిపడితే, ఆ రెండింటి మధ్య లాగుడు లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు రంధ్రం ఎక్కడ వేయాలి? అచ్చులో ఒక పిన్ను పెడదామంటే, సీసా ఆకారం తీసుకునేదే లోపలి గాలి ఒత్తిడితో. గోడకు తూటు పడితే గాలి అటే పోతుంది, సీసా అచ్చుకు అంటుకోదు. కాబట్టి ఆకారం వచ్చాకనే వేయాలి. అచ్చులోంచి బయటికి వచ్చాక, లెహర్‌లోకి పోకముందు, ఆ ఒక్క చోట మంట పెట్టి మెత్తబరిచి గుచ్చొచ్చు. లేదా లెహర్ దాటి పూర్తిగా చల్లారాక వజ్రపు బిట్‌తో కోయొచ్చు. కాలేజీ ల్యాబుల్లో అడుగున గొట్టం ఉన్న పెద్ద సీసాలు చూసే ఉంటారు. గాజు ఊదేవాళ్ళు ఒకచోట ఆక్సిజన్ మంట పెట్టి, మూతి నుంచి ఊది, అక్కడ బుడగ లేపి పగలగొట్టి, ఆ అంచుకే గొట్టం అతికిస్తారు. ఆ పని చేసే గాజు ఎక్కువగా బోరోసిలికేట్. వేడికి అది వ్యాకోచించేది మామూలు సీసా గాజులో మూడో వంతే, అందుకే ఒక్కచోట మంట పెట్టినా తట్టుకుంటుంది. మన ఊరగాయ జాడీ సోడా లైమ్ గాజు. చల్లగా ఉన్నదాని మీద ఒక్కచోట మంట పెడితే టప్పుమని పోతుంది. జాడీ మొత్తాన్ని 500 డిగ్రీలకు వేడి చేసి, గుచ్చి, మళ్ళీ గంటల తరబడి చల్లార్చాలంటే చిన్న లెహర్ కట్టుకోవాలి. వంద జాడీలకు అది తగని ఖర్చు.

తయారీలోనే పని ముగించిన వాటిలో నాకు బాగా నచ్చేది గోలీ సోడా సీసా. ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ 1870ల్లో పేటెంట్ తీసుకున్నాడు. గోలీ మూతి కంటే పెద్దది, మరి లోపలికి ఎలా పోయింది? మూతి పని పూర్తి కాకముందే గోలీని లోపల వేసి, ఆ తర్వాత వేడి మీద మూతిని బిగదీసి, రబ్బరు రింగు కూర్చునే గాడి తీస్తారు. గాజు మెత్తగా ఉన్నప్పుడు చేయాల్సిన పని అప్పుడే చేశారు. మన పని అలాంటిది కాదు, చల్లారాక చేసేదే. అది తేలిపోయింది.

ఏప్రిల్: బిట్ సంగతి

గాజు గట్టిదనం మోహ్స్ లెక్కలో అయిదున్నర నుంచి ఆరు, వజ్రానిది పది. కాబట్టి కోయడం కష్టం కాదు. మామూలు డ్రిల్ బిట్‌లా ఇది చెక్కదు. గుల్ల గొట్టం అంచుకు వజ్రపు రవ్వ పట్టించి ఉంటుంది, అది గాజును సన్నగా నూరుతూ దిగుతుంది. మధ్యలో బిళ్ళలాంటి ముక్క మిగులుతుంది. నల్లాకు కావలసింది 16 మిల్లీమీటర్ల రంధ్రం.

బజారులో చవగ్గా దొరికేవి ఎలక్ట్రోప్లేటెడ్ బిట్లు. వాటికి వజ్రం ఒక్క పొరే, నికెల్‌లో అద్దినట్టు ఉంటుంది. ఆ పొర అరిగితే బిట్ పారేయడమే. సింటర్డ్ బిట్‌లో వజ్రపు రవ్వ లోహంతో కలిపి లోతుగా పోతపోసినట్టు ఉంటుంది, అరిగేకొద్దీ కొత్త రవ్వ బయటపడుతుంది. ధర ఎక్కువ. వంద జాడీల లెక్కకు సింటర్డ్‌దే తీసుకున్నాను. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికింది.

వేగం గురించి: నా దగ్గర పాత కూలర్ కంపెనీ అర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఉంది, 1440 ఆర్‌పీఎం. మోటారుకు మూడు అంగుళాల పుల్లీ, బిట్‌ను తిప్పే షాఫ్టుకు, అంటే స్పిండిల్‌కు, నాలుగు అంగుళాలది పెడితే 1080 వస్తుంది. 16 ఎంఎం బిట్‌కు అంచు దగ్గర వేగం సెకనుకు 90 సెంటీమీటర్ల చిల్లర. ఇంకొంచెం పెంచినా తప్పులేదు గానీ, కంపనం పెరుగుతుంది. గాజుకు కంపనం అంటే పడదు.

స్పిండిల్ మేమే లేత్ మీద తిప్పాం. రెండు 6204 బేరింగులు, మధ్యలో బోరు. ఆ బోరులోంచి నీళ్ళు బిట్ లోపలికి దిగాలి. నీళ్ళు బయటి నుంచి పోస్తే అంచుకు చేరవు, లోపలి నుంచి వస్తేనే నూరిన పొడి బయటికి కొట్టుకుపోతుంది. తిరుగుతున్న షాఫ్టులోకి నీళ్ళు ఎక్కించే స్వివెల్, స్లాబులకు కోర్ కటింగ్ చేసే వాళ్ళ పాత మిషన్ నుంచి దొరికింది. పంపు? ఎయిర్ కూలర్ పంపు. దానికి మించినది అక్కర్లేదు. రెండు బకెట్లు పెట్టి, మొదటిదాంట్లో పొడి కిందికి దిగాక పైనీళ్ళు రెండోదాంట్లోకి పొర్లేలా చేశాం, పంపు రెండోదాంట్లో ఉంటుంది.

నీళ్ళూ కరెంటూ ఒకే చోట ఉన్న మిషన్ కదా, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తానే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టకుండా స్విచ్ వేయనివ్వలేదు. "అన్నా, బోరు మోటార్ల కాడ ఎవరు పెడుతున్నరు ఇవన్నీ?" అన్నాడు పిల్లగాడు. అక్కడ పెట్టకపోబట్టే ఏటా ఎవరో ఒకరు పోతున్నారు.

ఏప్రిల్ చివర: అసలు కథ ఇక్కడ మొదలైంది

పాత సీసాల మీద, పగిలిన అద్దాల మీద బిట్ దింపి చూశాం. పైనుంచి దిగడం చక్కగా ఉంది. అంచు శుభ్రంగా, గీత గీసినట్టు వస్తోంది. కానీ తిప్పి లోపలివైపు చూస్తే రంధ్రం చుట్టూ చేప పొలుసుల్లా పెచ్చులు లేచి ఉన్నాయి. కొన్నిటికి వేలి గోరంత పెచ్చు. ఒకదానికి అక్కడి నుంచి చీలిక అడుగుదాకా పాకింది.

కారణం అందరికీ తెలిసిందే. బిట్ కిందికి దిగేకొద్దీ కింద మిగిలిన గాజు పల్చబడుతుంది. చివరికి ఒత్తిడి తట్టుకోలేక, నూరాల్సిన గాజు విరుగుతుంది. అద్దాల ఫ్యాక్టరీల్లో దీనికి మందుంది: పైనుంచి సగం, కింది నుంచి సగం, రెండువైపులా బిట్లు పెట్టి మధ్యలో కలుపుతారు. జాడీ లోపలికి మోటారు ఎక్కించలేం.

జాడీకి ఇంకో తిరకాసు ఉంది. అద్దం పలక సమతలం, బిట్ రింగు మొత్తం ఒకేసారి తగిలి ఒకేసారి బయటపడుతుంది. జాడీ గుండ్రం. దాని బయటి వ్యాసం 150 మిల్లీమీటర్లు. 16 ఎంఎం రింగును దాని ఒంపు మీద పెడితే, నిలువు గీత వెంట రెండు చోట్ల ముందు తగులుతుంది, పక్కలకు గాజు కిందికి జారి ఉంటుంది. ఎంత జారిందో లెక్క సులువే: బిట్ వ్యాసార్ధం ఎనిమిది, దాని వర్గం 64, దాన్ని జాడీ వ్యాసం 150తో భాగిస్తే 0.43 మిల్లీమీటర్లు. లోపలి వ్యాసం 142 పెట్టి చేస్తే 0.45. అంటే బిట్ ముందు రెండు చోట్ల లోపలికి తొలుచుకుని బయటపడుతుంది, ఆ తర్వాత ఇంకో అర మిల్లీమీటరు దిగేదాకా మధ్య బిళ్ళ రెండు పక్కల మాత్రమే పట్టుకుని వేలాడుతుంది. ఆ సమయంలో బిళ్ళ కదిలితే, వణికితే, ఏ కాస్త ఎక్కువ నొక్కినా పెచ్చు లేస్తుంది.

ఈ లెక్క కాగితం మీద వేసిన రోజు నుంచి మిషన్ గురించి నా ఆలోచనే మారింది. మిగిలిన మూడున్నర మిల్లీమీటర్లు ఎవరైనా కోస్తారు. మిషన్ కట్టాల్సింది ఈ చివరి అర మిల్లీమీటరు కోసం. దానికి రెండు కావాలి: లోపలి నుంచి గాజుకు ఆసరా, పైనుంచి బిట్‌కు పగ్గం.

మే: లోపలి చెయ్యి

కుమ్మరి కుండ పొట్ట పెంచేటప్పుడు లోపల గుండ్రాయి పట్టుకుని, బయట చెక్కతో కొడతాడు. లోపల రాయి లేకుండా బయట కొడితే కుండ సొట్టపోతుంది. నాకు కావలసింది ఆ లోపలి రాయే.

మందపాటి పైపు ఒకటి అడ్డంగా నిలబెట్టాం, ఒక చివర ఫ్రేముకు వెల్డింగ్. జాడీ మూతి వెడల్పు కాబట్టి, చొక్కా చేతికి చెయ్యి తొడిగినట్టు జాడీని ఆ పైపు మీదికి ఎక్కించొచ్చు. పైపు కొసన పైకి నొక్కే స్ప్రింగు, దాని మీద చిన్న ఉక్కు గిన్నె. జాడీ బరువు ఆ గిన్నె మీద పడదు. బయట రబ్బరు పరిచిన చెక్క ఊయల మీద జాడీ పడుకుంటుంది. గిన్నె పని లోపలి నుంచి, సరిగ్గా బిట్ కింద, గాజుకు ఆనుకుని ఉండటమే.

గిన్నెలో ఏం పెట్టాలనే దగ్గర చాలా గొడవ పడ్డాం. రబ్బరు మెత్తన, బిళ్ళతో పాటు అది కూడా దిగుతుంది. చెక్క గట్టిదే గానీ జాడీ లోపలి ఒంపు అన్నిటికీ ఒకేలా ఉండదు, ఏదో ఒక మూలే తగులుతుంది. మైనం పోస్తే ఒంపుకు సరిపోతుంది, కానీ మే నెల పాలమూరు ఎండకు షెడ్డులో అది ఎటూ కాకుండా మెత్తగా ఉంటుంది. చివరికి మా వీధిలో అవుసులాయన దగ్గరికి పోయాను. నగను చెక్కేటప్పుడు కదలకుండా లక్కలో దిగేస్తారు కదా. లక్కలో ఇటుక పొడి కలిపి ఇచ్చాడు. "వేడి చేస్తే మైనం లెక్క, సల్లారితే రాయి లెక్క ఉంటది" అన్నాడు. అదే కావలసింది.

ఇప్పుడు పద్ధతి ఇలా ఉంది. గిన్నెలోని లక్క పైపొరకు కొద్దిసేపు హాట్ గన్ చూపిస్తాం, మెత్తబడగానే జాడీ ఎక్కించి స్ప్రింగు వదిలితే లక్క జాడీ లోపలి ఒంపును తానే పట్టుకుంటుంది. ఒక నిమిషం చల్లారనిస్తాం. బిళ్ళకూ, దాని చుట్టూ ఉన్న గాజుకూ కింద ఒకే ఆసరా. బిట్ గాజు దాటి లక్కలోకి కొంచెం దిగుతుంది, బిళ్ళ లక్కకే అతుక్కుని నిలబడుతుంది, కదలదు. లక్కలోని ఇటుక పొడి ఇంకో మేలు చేస్తోంది: సింటర్డ్ బిట్ అంచును కొంచెం గీరి కొత్త వజ్రాన్ని బయటికి తెస్తోంది. లేకపోతే ఎలాగూ అప్పుడప్పుడు తెల్ల సానరాయి మీద బిట్ దింపి ఆ పని చేయాల్సిందే.

తినే నూనె పోసే జాడీకి లక్క అంటితే ఎలా అని అక్క అడిగింది. లక్క క్షారంలో కరుగుతుంది. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి కడిగితే మరక కూడా మిగలదు.

నీళ్ళ సంగతి ఒకటి. రంధ్రం పడగానే బిట్ నుంచి వచ్చే నీళ్ళు జాడీలోకి దిగుతాయి. మిషన్ అడుగున వెనక కాళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టి మొత్తం మిషన్‌నే మూతి వైపు వంచాం. స్పిండిల్, జాడీ కలిసే వంగుతాయి కాబట్టి బిట్ వంకర పోదు, నీళ్ళు మాత్రం మూతి నుంచి బకెట్లోకి పోతాయి.

జూన్ మొదట్లో: తలుపు క్లోజర్

పగ్గం విషయానికొస్తే, చేత్తో లివర్ నొక్కితే ఎంత అనుభవమున్న చెయ్యైనా సాయంత్రానికి బరువెక్కుతుంది. స్టెప్పర్ మోటారు, కంట్రోలరు పెట్టమని సలహాలు వచ్చాయి. పెట్టొచ్చు. కానీ చెడిపోతే పాలమూరులో రేపటికల్లా బాగుచేయగలిగేదే నాకు కావాలి. దుకాణాల తలుపుల పైన పెట్టే డోర్ క్లోజర్ కళ్ళ ముందే ఉంది. దాంట్లో స్ప్రింగు తలుపును మూస్తుంది, నూనె ఆ వేగాన్ని ఆపుతుంది. చాలావాటికి రెండు స్క్రూలు ఉంటాయి: ఒకటి తలుపు వచ్చే వేగానికి, రెండోది తలుపు గొళ్ళెం దగ్గరికి వచ్చాక చివరి పది పన్నెండు డిగ్రీలకు. చివరి కొసకు విడిగా వేగం పెట్టుకునే సదుపాయం ఉన్న యంత్రం ప్రతి దుకాణంలోనూ వేలాడుతోంది.

స్పిండిల్, మోటారు ఒకే స్లైడు మీద ఉన్నాయి, కలిపి 20 కిలోల పైమాటే. ముందు ఆ బరువును లెక్కలోంచి తీసేయాలి. రెండు పుల్లీల మీదుగా స్టీల్ వైరు, అవతలి కొసన కాంక్రీటు నింపిన పైపు. చేత్తో ఎక్కడ వదిలితే స్లైడు అక్కడే నిలిచేదాకా తూచి నింపాం. ఇప్పుడు బిట్‌ను కిందికి తోసేది క్లోజర్ స్ప్రింగు ఒక్కటే. లివర్ మీద పట్టు జరిపి, బిట్ కింద కూరగాయల ఎలక్ట్రానిక్ కాటా పెట్టి చూసుకుంటూ, నొక్కుడు రెండున్నర కిలోల దగ్గర నిలబెట్టాం.

ఇక్కడ ఒక మెలిక గమనించాలి. క్లోజర్ నూనె అడ్డేది వేగాన్ని మాత్రమే. బిట్ మొద్దుబారి గాజు కోయడం నెమ్మదిస్తే నూనెకు ఆపే పని ఉండదు, స్ప్రింగు బలం మొత్తం గాజు మీదే పడుతుంది. అందుకే ఆ రెండున్నర కిలోలను గరిష్ఠం అనుకుని పెట్టాలి. "ఇంకో కిలో పెంచితే తొందరగా అయితది గదా" అనే మాట వర్క్‌షాప్‌లో ప్రతి వారం వినిపిస్తూనే ఉంది.

లివర్ నిష్పత్తి ఎలా పెట్టామంటే, క్లోజర్ 45 డిగ్రీలు తిరిగితే బిట్ ఎనిమిది మిల్లీమీటర్లు దిగుతుంది. రెండో స్క్రూ పట్టుకునే చివరి పన్నెండు డిగ్రీలకు రెండు మిల్లీమీటర్ల చిల్లర వస్తుంది. ఒక టర్న్‌బకుల్‌తో (తిప్పితే పొడవు పెరిగే, తగ్గే మరల బిగింపు) ఆ చివరి భాగం ఎక్కడ మొదలవ్వాలో జరుపుకోవచ్చు. గోడ మందం జాడీకి జాడీకి మారుతుంది. ఊదిన గాజు కదా, అచ్చులో ఎటు ఎక్కువ సాగితే అటు పల్చబడుతుంది. అదే జాడీలో ఒకవైపు నాలుగు, ఇంకోవైపు మూడు చూశాం. రాడ్లు వంచి చేసిన పొడుగు చేతుల కాలిపర్‌తో రంధ్రం పడే చోట మందం కొలిచి, టర్న్‌బకుల్ తిప్పి, అప్పుడే స్విచ్.

మొదటి రెండు మిల్లీమీటర్లు నిమిషం లోపే అవుతుంది. మిగిలిన రెండింటికి అంతకు రెట్టింపు టైం. పిల్లగాడు ఫోన్ చూసుకుంటూ నిలబడొచ్చు. నిలబడతాడు కూడా.

జూన్: ఏ జాడీని మిషన్ ఎక్కించకూడదు

లక్క, క్లోజర్ రెండూ కుదిరాక లోపలి పెచ్చులు గోరు తగిలితే తెలిసేంత సన్నగా మాత్రమే వస్తున్నాయి. అయినా కొన్ని జాడీలు మధ్యలోనే, బిట్ సగం కూడా దిగకముందే, పెద్ద చప్పుడుతో పగిలాయి. అన్నీ ఒకే గోదాం నుంచి వచ్చిన లాటు. ఏ కంపెనీదో చెప్పను, అడుగున ముద్ర కూడా సరిగా లేదు.

అనుమానం చల్లార్చే దగ్గరే. లోపల లాగుడు మిగిలిపోయిన గాజును చూడటానికి ఫ్యాక్టరీల్లో పోలారిస్కోప్ ఉంటుంది. దాని పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవాలి. ఆ తెర నుంచి వచ్చే వెలుగు ఇప్పటికే పోలరైజ్ అయి, అంటే ఒకే దిశలో ఊగుతూ ఉంటుంది. పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాలను తెర ముందు పెట్టి తిప్పితే ఒకచోట తెర నల్లబడుతుంది. ఇప్పుడు తెరకూ కళ్ళద్దాలకూ మధ్య జాడీ పట్టుకోవాలి. బాగా చల్లార్చిన జాడీ దాదాపు నల్లగానే ఉంటుంది. లాగుడు ఉన్నచోట తెల్లటి పట్టీలు, ఎక్కువ ఉంటే రంగులు కూడా కనబడతాయి.

ఆ లాటులో మిగిలినవి చూస్తే అడుగు మలుపు చుట్టూ వెలుగు పట్టీలు. పక్కన పెట్టేశాం. టెంపర్డ్ గాజు (వేడి చేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన గాజు) గ్లాసు ఒకటి కూడా సరదాకు చూపించాను, తెర మీద రంగులే రంగులు. దాన్ని డ్రిల్ చేయాలని ఎవరూ ప్రయత్నించొద్దు. పైపొర ఒత్తిడిలో, లోపలి పొర లాగుడులో ఉంటాయి, బిట్ ఆ లోపలి పొరను తాకిన క్షణం మొత్తం పొడి పొడి అవుతుంది.

దీంతో ఇంకో నియమం వచ్చింది. రంధ్రం అడుగు మలుపుకు దగ్గరగా వద్దు. నల్లా ఎంత కిందికి ఉంటే నూనె అంత మిగలకుండా వస్తుందని అక్కకు ఆశ. అడుగు నుంచి 45 మిల్లీమీటర్ల పైన రంధ్రం మధ్య బిందువు అని తేల్చి చెప్పాను. కింద మిగిలే నూనెకు జాడీ వంచుకోవాల్సిందే. అచ్చు రెండు సగాలు కలిసిన నిలువు గీత మీద కూడా వద్దు.

కొత్త జాడీలు కొన్ని చేతిలో జారుతుంటాయి. ఫ్యాక్టరీలో చివర గీతలు పడకుండా పైన సన్నగా పాలీఎథిలీన్ పూత కొడతారు. మార్కర్ దాని మీద పట్టదు, బిట్ కూడా మొదట్లో నడుస్తుంది. సబ్బు పెట్టి గట్టిగా రుద్ది కడిగాకే గుర్తు పెట్టాలి. బిట్ పక్కకు నడవకుండా పైన నైలాన్ బుష్ (బిట్‌ను చుట్టూ పట్టి ఉంచే తొడుగు) ఒకటి పెట్టాం, ఒంపు మీద ముందు రెండు చోట్లే తగులుతుంది కాబట్టి అది లేకపోతే జరగడం ఖాయం.

జులై: అంచు, నల్లా, పరీక్ష

రంధ్రం పడ్డాక పని అయిపోలేదు. గాజు తన బలం కంటే ఎంతో తక్కువకే ఎందుకు విరుగుతుందో 1921లో గ్రిఫిత్ అనే ఇంజినీరు వివరించాడు: పైన ఉన్న సన్న సన్న చీలికల కొసల దగ్గర లాగుడు పోగవుతుంది. పలకకు రంధ్రం ఉంటే చాలు, దాని అంచున లాగుడు మామూలు చోటికి మూడు రెట్లు దాకా పెరుగుతుంది. ఆ అంచు మీదే పెచ్చులు కూడా ఉంటే వేరే చెప్పక్కర్లేదు. అందుకే బయట అంచుకు శంకువు ఆకారపు వజ్రపు బిట్‌తో అర మిల్లీమీటరు ఏటవాలు కొడతాం. లోపల మూతి నుంచి చెయ్యి పెట్టి 220, ఆ తర్వాత 400 నంబరు డైమండ్ ప్యాడ్‌తో తడిగా రుద్దాలి. ఈ పని మా పిల్లగాడి సన్న చేతులకే కుదురుతుంది. తడి తప్పనిసరి. షాద్‌నగర్, కొత్తూరు వైపు పలుగురాయి పొడి మిల్లుల్లో పనిచేసిన వాళ్ళ ఊపిరితిత్తుల గతి మన జిల్లాలో విననివాళ్ళు లేరు. గాజు పొడి పలుగురాయిలా స్ఫటికం కాదు, అయినా పీల్చి చూడాల్సిన పని లేదు. బకెట్లో దిగిన తెల్ల మడ్డిని కూడా మోరీలో పోయం, ఆరబెట్టి సంచిలో కట్టి పెడుతున్నాం.

నల్లా బిగింపులో తెలిసిందేమంటే, జాడీని పగలగొట్టేది లోపలి నూనె బరువు కాదు. అయిదు లీటర్ల పల్లి నూనె నాలుగున్నర కిలోల చిల్లర, రంధ్రం దగ్గర దాని ఒత్తిడి ఎంతో లేదు. పగలగొట్టేది నట్టు. నల్లా తొడుగు సమతలం, జాడీ గుండ్రం. పల్చటి వాషరుతో బిగిస్తే పైనా కిందా రెండు చోట్లే ఆనుతుంది. మూడు మిల్లీమీటర్ల మెత్తటి ఫుడ్ గ్రేడ్ సిలికాన్ వాషర్ బయటా లోపలా పెట్టి, చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు. అంతే. కారుతోందని ఇంకో పావు చుట్టు వేసేవాళ్ళకు ముందే చెప్పి పంపుతున్నాం.

ప్రతి జాడీనీ నీళ్ళు నింపి రాత్రంతా ఉంచి, పొద్దున కింద పరిచిన పేపరు తడిసిందేమో చూస్తాం. కొన్నిటిని గోరువెచ్చటి నీళ్ళ నుంచి చల్లటి నీళ్ళలోకి మార్చి కూడా చూశాం. మంచి సీసా 40 డిగ్రీల తేడా దాకా తట్టుకోవాలి, రంధ్రం ఉన్నదానికి మేం 25 దగ్గరే ఆగాం. నూనె దుకాణానికి అది చాలు.

అక్క మొదటి లాటు తీసుకుపోయింది. నల్లా తిప్పి చూసి, "ఇంకొంచెం కిందికి పెడితే బాగుండు" అంది.

ఆగస్టు: ఇంకా మిగిలింది

హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. 650 మిల్లీలీటర్ల ఖాళీ సీసాలకు వైరు పోయే రంధ్రం వేసి దీపాలు చేస్తాడట. మన మిషన్ మీద కుదరదు. సీసా మూతి సన్నం, లోపలి చెయ్యి పోదు. పైగా వ్యాసం 75 మిల్లీమీటర్ల లోపే, అంటే ఇదే 16 ఎంఎం బిట్ పెడితే ఒంపు తేడా 0.45కు బదులు 0.85 దాటుతుంది. చివరి అర మిల్లీమీటరు కాస్తా మిల్లీమీటరు దగ్గరికి వస్తుంది.

బిట్ చిన్నదైతే ఈ తేడా వేగంగా పడిపోతుంది, వర్గం లెక్క కదా. వైరుకు ఆరు ఎంఎం చాలు: వ్యాసార్ధం మూడు, దాని వర్గం తొమ్మిది, 75తో భాగిస్తే 0.12. ఆసరా కోసం సీసాను పక్కకు పడుకోబెట్టి గరాటుతో కరిగించిన మైనం పోసి, పేరుకున్నాక ఆ వైపు పైకి తిప్పి డ్రిల్ చేయాలని ఉంది. మైనం అరవై డిగ్రీల చుట్టూ కరుగుతుంది, సీసాను ముందే వేడినీళ్ళలో ఉంచితే తేడా తగ్గుతుంది. వానాకాలం కాబట్టి ఇప్పుడు షెడ్డులో మైనం గట్టిగానే నిలుస్తుంది. ఆరు ఎంఎం బిట్‌కు వేగం కూడా పెంచాలి, స్పిండిల్ వైపు పుల్లీ చిన్నది తిప్పుతున్నాం. ఊయల చెక్కలు వేరేవి కోయాలి. ఆయన నమూనాకు ఒక బస్తా సీసాలు పంపుతానన్నాడు, లేబుళ్ళు నానబెట్టి తీసి పంపమని చెప్పాను.